పక్కింటివాళ్లకు యేసు గురించి చెప్పాలంటే: కడప జిల్లా విశ్వాసులకు కొన్ని పద్ధతులు

"సువార్త చెప్పండి" అని ఆదివారం మందిరంలో వింటాం. సోమవారం పొద్దున పాలపాకెట్ కోసం అంగడి దగ్గర నిలబడినప్పుడు పక్కనున్న మనిషితో ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో కొందరు జీవితాంతం నోరు విప్పరు. ఇంకొందరు విప్పారంటే వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది. ఈ రెండు రకాలవాళ్లనూ మన సంఘాల్లో చూస్తూనే ఉన్నాం.

కింద చెప్పే పద్ధతులన్నిటికీ నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. మీరు చెప్పింది విని అవతలి మనిషి "నాకొద్దులే అన్నా" అన్నాడనుకోండి. మర్నాడు మీరు ఎదురుపడితే అతను సందు మార్చుకుని పోకుండా, ఎప్పటిలాగే "ఏమన్నా, బాగుండావా?" అని పలకరించగలగాలి. వద్దనడానికి అతనికి భయమో మొహమాటమో అడ్డం వచ్చిందంటే మీరు చెప్పిన తీరులో లోపం ఉన్నట్టే.

మొదటి పని: ఊరిని తెలుసుకోండి

మనం ఉన్నది ఖాళీ నేల కాదు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి టెంకాయ కొట్టి పోతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా ఇంటి అల్లుడు అంటారు. పెద్దదర్గాకు గురువారం పోయి చూడండి, బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో. బ్రహ్మంగారి శిష్యుల్లో ముఖ్యుడు దూదేకుల సిద్దయ్య. గండికోటలో గుడీ మసీదూ ఒకే కోట గోడల మధ్య ఉన్నాయి. మన సంగతికొస్తే, లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. జమ్మలమడుగులో మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు ఇప్పటికీ అన్ని మతాల్లోనూ ఉన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒకరి దేవుడి దగ్గరికి ఇంకొకరు పోయిరావడం ఇక్కడి జనానికి తరాలుగా అలవాటు. అందుకే యేసు పేరెత్తితే వాళ్లకు కొత్తా ఉండదు, కోపమూ రాదు. కొందరి ఇళ్లలో వెంకన్న పటం పక్కనే యేసు పటమూ ఉంటుంది. కోపం వచ్చేది "మా దేవుడొక్కడే, మీవన్నీ బొమ్మలు" అన్నప్పుడు. యేసు ఒక్కడే ప్రభువు అన్నది మన విశ్వాసం. దాన్ని దాచుకోమని నేను అనను. అయితే అది మీ నమ్మకంగా చెప్పుకునే మాటగా ఉండాలి, అవతలివాళ్ల పూజగదిలోకి విసిరే రాయిగా ఉండకూడదు.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీసి చదవండి. ఎఫెసులో అర్తెమి దేవి పేరు మీద పెద్ద గొడవ లేస్తుంది. ఊరి కరణం జనాన్ని సముదాయిస్తూ పౌలు మనుషుల గురించి ఒక మాట అంటాడు: వీళ్లు గుడిని దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అని. ఆ మాట పౌలు శిష్యులు తమ గురించి తాము చెప్పుకున్నది కాదు, ఆ దేవతను కొలిచే ఊరి అధికారి ఇచ్చిన సర్టిఫికెట్. పౌలు ఆ ఊళ్లో రెండేళ్లకు పైగా బోధించాడు, అయినా దేవతను దూషించాడన్న నింద పడకుండా నెట్టుకొచ్చాడు. మీ వీధిలో మీ గురించి అలాంటి మాట అనేవాళ్లు ఉన్నారా అని చూసుకున్నాకే ముందుకు పదండి.

రెండో పని: వినండి, అడగండి

అవతలివాళ్ల భక్తి గురించి మనకు తెలిసింది ఎక్కువభాగం మన బోధకులు చెప్పిందే. అది చాలదు. పక్కింటి వదిన శనివారం ఒక్కపొద్దు ఎందుకు ఉంటుందో వదిననే అడగండి. మొలకు తాయెత్తు కట్టించుకున్న పిల్లోడి తల్లిని ఏ భయం పట్టుకుని కట్టించిందో అడగండి. అడిగాక చెప్పనివ్వండి. మధ్యలో దూరి "అదే అక్కా, మా బైబుల్లో..." అని అందుకోవద్దు. ఆ రోజుకు వినడమే పని.

వింటే ఏం తెలుస్తుంది? మీరు విగ్రహారాధన గురించి వాదం సిద్ధం చేసుకుని పోయుంటారు, ఆమెకేమో ఆ గొడవే లేదు. కొడుకు కువైట్ పోయి ఫోన్ చేయడం లేదన్నది ఆమె బాధ. మన జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ బాధ పంచుకోవడానికి మతం అడ్డం రాదు.

ఒక హెచ్చరిక. తెలుసుకున్నదాన్ని ఎదురు బాణంగా వాడొద్దు. "వేదాల్లో ప్రజాపతి అంటే యేసే", "కాలజ్ఞానంలో మన ప్రభువు గురించే రాశారు" అని మైకుల్లో చెప్పేవాళ్లను మీరూ విని ఉంటారు. వేదం చదువుకున్నవాళ్ల ముందు అది నిలవదు. పైగా మన గ్రంథాన్ని ఎవరైనా అలా మెలితిప్పితే మనకెంత మండుతుందో వాళ్లకూ అంతే మండుతుంది. వేమన పద్యాలదీ అదే కథ. సి.పి. బ్రౌన్ 1829లో వాటిని అచ్చు వేయించిన కాడినుంచి విగ్రహాల మీద దెబ్బ వేయాలనుకున్న ప్రతివాడూ వేమన్నను సాయం పిలుస్తున్నాడు. దొంగ భక్తుడు ఎవరైనా సరే, వేమన చీల్చి చెండాడాడు. ఆ పద్యాలు మన గుంపు వైపు తిప్పినా సరిగ్గా తగులుతాయి. పౌలు ఏథెన్సులో వాళ్ల కవుల మాట ఎత్తుకున్నాడు నిజమే, కానీ ఎత్తిపొడవడానికి ఎత్తుకోలేదు.

మూడో పని: సాయాన్నీ సువార్తనూ ముడిపెట్టకండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మన మీద ఉన్న పాత నింద "బియ్యం బస్తా క్రైస్తవులు" అన్నది. డబ్బులిచ్చి కలుపుకుంటారంట కదా అని ఇప్పటికీ అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా, ఆ నింద నిజమయ్యే అవకాశమే లేకుండా నడుచుకోవాలి.

ధాత కరువు 1876 నుంచి 78 దాకా మన సీమనంతా తుడిచిపెట్టింది. ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. క్రైస్తవుల్లో చేరతామని జనం వచ్చారు. కూటి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలదని, సాయం నడుస్తున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ఆగిపోయింది, పంచడానికి ఇంకేమీ లేదు అని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాల్లో ఆ అంకె గొప్పగా చెప్పుకుంటారు. అంతకుముందు ఏడాదికి పైగా ఆయన ఆగిన సంగతి ఎవరూ చెప్పరు. నాకు అంకె కంటే ఆ ఆగడమే పెద్దదిగా కనిపిస్తుంది.

అనంతపురంలో 1969లో అడుగుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ది ఇంకో దారి. ఆయన సువార్త పని పెట్టుకోలేదు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇళ్లు కట్టించింది, బడులు, ఆసుపత్రులు నడిపింది, నీ దేవుడెవరని అడగలేదు. 2009లో ఆయన చనిపోయినప్పుడు కడసారి చూపుకు వచ్చిన పల్లెల జనంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు.

మన స్థాయిలో ఇది ఎలా పాటించాలి? పక్కింటి పాపకు ఫీజు కట్టారా, ఆ నెలలో ఆ ఇంట్లో కరపత్రం మాట ఎత్తొద్దు. మీ దగ్గర కూలి చేసేవాళ్లకు, మీ దగ్గర అప్పు తీసుకున్నవాళ్లకు, మీరు టీచరైతే మీ పిల్లలకు, నర్సమ్మ అయితే మీ వార్డులో పడుకున్నవాళ్లకు, మీరుగా మొదలుపెట్టి చెప్పొద్దు. వాళ్లు మీ ముందు వద్దనలేరు. వాళ్లే అడిగితే, డ్యూటీ అయిపోయాక, మీ ఇంట్లో చెప్పండి. వార్డులో మంచం మంచానికీ తిరిగి పత్రికలు పంచే సేవ ఆపేస్తే మంచిది. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి ఎక్కడికి పోతాడు?

2011లో ప్రపంచ సంఘాల సమాఖ్య, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి, మామూలుగా ఒకరి మాట ఒకరికి పడని ఈ ముగ్గురూ కలిసి, సాక్ష్యం ఎలా ఇవ్వాలన్న విషయం మీద ఒక పత్రం విడుదల చేశారు. పేదరికాన్ని, అవసరాన్ని ఎరగా వాడకూడదన్నది అందులో గట్టిగా చెప్పిన మాట.

నాలుగో పని: మీ సంగతి చెప్పండి, చిన్నదిగా

ఇప్పుడు నోరు విప్పే ఘట్టం. పేతురు మొదటి పత్రికలో "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను" అని ఉంది. అంటే అడిగినవాడికి చెప్పమని. అడిగేలా బతకడం ముందుంటుంది. అడిగినప్పుడు చెప్పాల్సింది టీ చల్లారే లోపల అయిపోవాలి.

ఉదాహరణకు, ప్రొద్దుటూరులో మీ అంగడి పక్కన బట్టల అంగడి నడిపే ఆయన అడిగాడు:

"అది కాదు బ్రదరూ, మీ నాయన పోయినప్పుడు నువ్వంత ధైర్యంగా ఎట్ల నిలబడినావు?"

"ధైర్యమేం లేదు శెట్టిగారూ, రాత్రిళ్లు ఏడ్చినా. అయితే యేసుప్రభువు చనిపోయి లేచినాడని మేం నమ్ముతాం. మా నాయన్ను మళ్లీ చూస్తానని నాకు నమ్మకం. ఆ నమ్మకం పట్టుకుని నిలబడినా."

ఇక్కడ ఆపేయండి. ఆయన "ఓహో" అని కస్టమర్ వైపు తిరిగితే తిరగనివ్వండి. ఇంకా అడిగితే ఇంకో మాట. మీరు అడగాలనుకుంటే ఒక్కటే అడగండి: "ఎప్పుడైనా తీరిగ్గా ఉన్నప్పుడు ఇంకొంచెం చెప్పనా?" చూద్దాంలే అంటే వద్దనే అర్థం. మన భాషలో వద్దనే మాట సూటిగా రాదు. చూద్దాం, వీలైతే, పని ఉంది, ఆయన్ను అడగాలి... ఇవన్నీ వద్దులే. వాటిని పట్టుకుని "ఎప్పుడు చూద్దాం?" అని నిలదీయకండి.

సాక్ష్యం చెప్పేటప్పుడు "నేను ఒకప్పుడు రాళ్లకు మొక్కేదాన్ని" అని మొదలుపెట్టడం మనవాళ్లకు అలవాటు. మీ అమ్మ ఇప్పటికీ మొక్కుతుంటుంది, వినే ఆమె పొద్దునే మొక్కి వచ్చి ఉంటుంది. మీకు దొరికింది చెప్పండి, వదిలేసినదాన్ని తిట్టడంతో పని లేదు. సంఘంలో మనం వాడే "అన్యులు", "సాతాను బంధకాలు", "చీకటిలో ఉన్నవారు" లాంటి మాటలు వీధిలోకి తేవద్దు. అసలు సంఘంలోనూ తగ్గిస్తే మంచిది, యూట్యూబులో అన్నీ అందరూ వింటున్నారు.

తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీలో కులం లేదా మరి?" లేదని బుకాయించకండి. ఏ చర్చి ఏ కులందో ఊరందరికీ తెలుసు, పెళ్లి సంబంధాలు ఎలా చూస్తామో కూడా తెలుసు. "ఉంది. ఉండకూడదని మా గ్రంథం చెప్తుంది, మేమింకా అంత ఎదగలేదు" అంటే వినేవాడికి మీ మీద గురి కుదురుతుంది.

ముస్లిం ఇంటికి వెళ్తే

ఈసా అలైహిస్సలాం వాళ్లకు గొప్ప ప్రవక్త. ఖురాన్‌లో 19వ సూరాకు (అధ్యాయానికి) యేసు తల్లి మర్యమ్ పేరే ఉంది. కాబట్టి మాట కలవడం కష్టం కాదు. తేడా ఎక్కడొస్తుందంటే దేవుని కుమారుడు అన్నదగ్గర, సిలువ మరణం దగ్గర. ఆ రెండూ వాళ్లు ఒప్పుకోరు. మొదటి పూటే అక్కడికి దూకకండి, అడిగినప్పుడు మాత్రం దాటేయకండి. "మీరు అట్ల నమ్మరని తెలుసు భాయ్, మేం ఇట్ల నమ్ముతాం" అని చెప్పొచ్చు. ప్రవక్త గురించి ఒక్క తక్కువ మాట కూడా మీ నోట రాకూడదు, మీ ఫోన్లో వచ్చిన వీడియోలు వాళ్లకు పంపకూడదు.

చిన్న సంగతులు పెద్దవవుతాయి. ఖురాన్‌ను వాళ్లు గుడ్డలో చుట్టి ఎత్తులో పెడతారు. మీరేమో బైబుల్‌ను చాప మీద, కాళ్ల పక్కన పెట్టి కూర్చుంటే, అందులో ఎర్ర పెన్నుతో గీతలు కనిపిస్తే, ఈయనకే తన గ్రంథం మీద గౌరవం లేదు, నాకేం చెప్తాడు అనుకుంటారు. శుక్రవారం జుమ్మా వేళకు పోకండి. రంజాన్ నెలలో పగలు వాళ్లు మీ ఇంటికొస్తే ఏం తాగుతారని అడగకండి. ఇఫ్తార్‌కు పిలిస్తే ఖర్జూరాలో పండ్లో తీసుకుని పోండి, ఆ సాయంత్రం బోధ పెట్టుకోకండి. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో మాట్లాడటమే పద్ధతి. దూదేకుల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, కొన్ని ఆచారాలు వేరుగా ఉంటాయి. "మీరు అసలు ముస్లింలేనా?" లాంటి ప్రశ్న హద్దు దాటడమే.

పండగలు, ప్రసాదం, భోజనం

సువార్త కంటే ముందు ఇక్కడే స్నేహాలు చెడుతున్నాయి. ప్రసాదం తీసుకోవాలా వద్దా అన్నది మన సంఘాల్లోనే ఒకమాట మీద లేదు. పౌలు కొరింథీయులకు రాసినదాంట్లో రెండూ ఉన్నాయి: పెట్టింది మనస్సాక్షికోసం విచారణ చేయకుండా తినండి అనీ, ఇది అర్పించినదని ఒకరు చెప్తే తినొద్దనీ. మీరు ఏది పాటించినా, వద్దనే తీరు ముఖ్యం. చేతులు వెనక్కి లాక్కోవడం, మొహం చిట్లించడం, తీసుకుని వెనకవైపు కాలవలో పారేయడం, ఇవి చూసినవాళ్లు పదేళ్లయినా మర్చిపోరు.

ముందే, పండగ లేని రోజు చెప్పుకోండి: "వదినా, నైవేద్యం పెట్టింది మేం తినమని నీకు తెలుసు కదా, మనసులో పెట్టుకోవద్దు. ఓళిగలు మాత్రం స్వామికి పెట్టకముందే మాకు రెండు పక్కన తీసిపెట్టు, నెయ్యి ఎక్కువెయ్యి." నవ్వి తీసిపెడుతుంది. అడిగి తినేవాళ్లంటే ఎవరికైనా ఇష్టమే.

మన వంతు వచ్చినప్పుడు మనమూ అంతే చూసుకోవాలి. క్రిస్మస్ కేకులో కోడిగుడ్డు ఉంటుంది. ప్రొద్దుటూరు కోమట్ల ఇళ్లకు, బ్రాహ్మణుల ఇళ్లకు పంపేటట్టయితే గుడ్డు లేనిదని డబ్బా మీద రాసి ఉన్నది బేకరీలో అడిగి కొనండి, లేదా పండ్లు పంపండి. ముస్లిం స్నేహితులను భోజనానికి పిలిస్తే కోడి హలాల్ చేసిన అంగడిలో తెచ్చామని వాళ్లు అడక్కముందే చెప్పండి. శాకాహారులకు వేరే గిన్నెలు, వేరే గరిటె. పిలిచింది అన్నానికైతే అన్నమే పెట్టండి. భోజనమని పిలిచి, వచ్చాక పాస్టర్ గారిని కూర్చోబెట్టి గంటసేపు వాక్యం చెప్పించడం మోసమే. ప్రార్థన కూడిక ఉంటే ఉందని పిలిచేటప్పుడే చెప్పండి.

మాల వేసుకున్నవాళ్లను స్వామీ అని పిలవడానికి మనసు రాకపోతే అన్నా అనండి, తప్పులేదు. జాతర చందాకు వచ్చినప్పుడు తలుపు వేసుకోవడం కంటే, "అమ్మవారి పూజకు ఇవ్వలేను, వచ్చిన జనానికి మజ్జిగ ఖర్చు నాది" అనొచ్చు.

జబ్బు చేసినవాళ్ల కోసం ప్రార్థన

మన జిల్లాలో సువార్త ఎక్కువగా నడిచే దారి ఇదే. మతం ఏదైనా జబ్బు వస్తే "మీ ప్రార్థన చేయించండి" అని వాళ్లే అడుగుతారు. అడిగితే చేయండి. అడక్కపోతే, "మీ కోసం ప్రార్థన చేయొచ్చా?" అని అనుమతి తీసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల అనుమతి కూడా. తల మీద చెయ్యి పెట్టేముందు అడగండి. గట్టిగా అరవకండి, దయ్యం పట్టిందని నిర్ణయించకండి.

మాత్రలు ఆపమని మాత్రం ఎన్నడూ చెప్పకండి. "విశ్వాసం ఉంటే షుగరు మాత్రలెందుకు?" అన్న ఒక్క మాటతో ప్రాణం పోవచ్చు. టీబీ మందు మధ్యలో మానేస్తే జబ్బు మొండికేసి ఆ మందులకు లొంగకుండా పోతుంది. నయమైతే దేవునికి స్తోత్రం చెప్పుకోండి, డాక్టరుకు దండం పెట్టండి. నయం కాకపోతే "నీకు విశ్వాసం చాల్లేదు" అని రోగి మీదకు తోసేవాళ్ల పక్కన కూడా నిలబడకండి. మహిమలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. స్వస్థత కూటముల ఫ్లెక్సీలు కట్టించేవాళ్లు దాన్ని ఒకసారి చదువుకోవాలి.

మైకు, కరపత్రం, ఫోను

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి అందరికీ స్వేచ్ఛ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం దానికి హద్దులు. ప్రచారం చేసుకునే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు కలిసిలేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. మారడమన్నది ఆ మనిషి సొంత నిర్ణయం.

లౌడ్‌స్పీకరుకు అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మోగకూడదు. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. గుడి మైకు మోగడం లేదా, మసీదు మైకు మోగడం లేదా అని మనవాళ్లు వాదిస్తారు. వాదం బాగానే ఉంది, పక్కింట్లో ఇంటర్ పరీక్ష రాసే పిల్లకు మాత్రం దానివల్ల ఏం లాభం లేదు. బాడుగ ఇంట్లో కూడిక పెట్టేముందు ఇంటి ఓనరుకు, రెండు పక్కలవాళ్లకు చెప్పండి. ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని. చెప్పిన టైముకు ముగించండి.

కరపత్రాలు దేవుని కడప గుడి ముందో, ఒంటిమిట్ట కల్యాణానికి పోయే బస్సులోనో పంచే పని వద్దు. ప్రార్థనా స్థలాల్లో వేరే మతం ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007లోనే చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, మన మందిరం గేటు దగ్గర ఇంకొకరు నిలబడి పంచితే మనం ఏమంటామో ఊహించుకోండి. ఇంకొకరి మత భావాలను కావాలని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 295ఎ అదే.

ఫోను గురించి ఒక్కటే చెప్తాను, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. కూడికకు మొదటిసారి వచ్చినవాళ్ల ఫొటో తీయొద్దు, గ్రూపులో పెట్టొద్దు. "ఈరోజు ఒక హిందూ సహోదరి ప్రభువును అంగీకరించింది, స్తోత్రం" అని మీరు పెట్టిన పోస్టు సాయంత్రానికి ఆమె మామ ఫోన్లో ఉంటుంది. ఆమె ఏం నమ్మిందో ఇంకా ఆమెకే తెలియదు, అప్పుడే ఇంట్లో పంచాయితీ.

ఎవరైనా "నేనూ వస్తాను" అంటే

తొందరపడకండి. సంతోషం సరే, ఆ మనిషికి ఇల్లుంది, ఇంట్లో మనుషులున్నారు. 18 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రులకు తెలియకుండా అడుగు కూడా వేయించొద్దు. పెళ్లయినవాళ్లైతే భార్యకో భర్తకో ముందు చెప్పుకోమనండి. మందిరానికి కొన్ని నెలలు ఊరికే రానివ్వండి, ప్రశ్నలడగనివ్వండి, ఒకవేళ మానేస్తే మాననివ్వండి.

బొట్టు, గాజులు, తాళి విషయంలో మన సంఘాలు చేసే నష్టం ఇంతా అంతా కాదు. కొత్తగా వచ్చిన కోడలు ఒక ఆదివారం బొట్టు తీసేసి ఇంటికి పోతే అత్తకు కనిపించేది యేసు కాదు, తన కొడుకు చావు. మన ఊళ్లలో ఆ గుర్తులు తీసేయడమంటే అర్థం అదే. బొట్టు మీద బైబుల్లో ఆజ్ఞ లేదు. ఆమె ఇష్టానికి, ఆమె సమయానికి వదిలేయండి. పేరు మార్చమని పట్టుబట్టకండి. ఇంట్లో చావు జరిగితే కొడుకు కర్మకాండలో ఎంతవరకు నిలబడతాడో అతను తేల్చుకుంటాడు, పాడె మోయకుండా మాత్రం ఆపకండి.

కాగితాల సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, ఆ రిజర్వేషను 1 శాతం. ఎస్టీలకు మతంతో ముడి లేదు. ఈ చట్టం న్యాయంగా ఉందా లేదా అన్నది వేరే చర్చ, నాకైతే లేదనే అనిపిస్తుంది. అయినా కూతురు మెడికల్ సీటు కోసం చూస్తున్న తండ్రికి ఇది బాప్తిస్మానికి ముందే తెలియాలి. "కాగితంలో అట్లే ఉండనీలే, దేవునికి తెలుసు" అని సలహా ఇచ్చేవాళ్లు ఆ కుటుంబాన్ని అబద్ధంలోకి దించుతున్నారు, రేపు కేసైతే పక్కన నిలబడరు.

వద్దంటే, గొడవైతే

వద్దంటే ఆపేయండి. "మీ కోసం ప్రార్థిస్తుంటాను" అని చివర్లో ఒక పోటు వేసి రావద్దు, ఇంట్లో చేసుకోండి, ఎవరు వద్దన్నారు? వాళ్ల పిల్ల పెళ్లికి కుర్చీలు వేయడానికి పోండి.

ఎవరైనా కోపంగా వస్తే మందిరం నుంచి పదిమందిని వెంటేసుకుని పోకండి. ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరు మీ మతం కానివారైతే ఇంకా మంచిది, పోయి కూర్చుని ఏం బాధ కలిగిందో వినండి. మనవాళ్ల తప్పుంటే అక్కడే ఒప్పుకోండి. దెబ్బలు, బెదిరింపుల దాకా వస్తే అది మర్యాదల సంగతి దాటిపోయినట్టు, 112కు ఫోన్ చేసి ఫిర్యాదు రాసివ్వండి.

ఇంకొకటి. వాళ్లూ మీకు చెప్తారు. పెద్దదర్గా గంధం గురించి, బ్రహ్మంగారి మఠం గురించి, శబరిమలలో తమకేం జరిగిందో. మీరు చెప్పినప్పుడు వాళ్లు ఎంతసేపు కూర్చున్నారో అంతసేపు మీరూ కూర్చోండి, మధ్యలో ఫోను చూసుకోకుండా. ఉరుసుకు రమ్మంటే, తిరునాళ్లకు రమ్మంటే, రాలేకపోతే రాలేనని నేరుగా చెప్పండి. క్రిస్మస్‌కు మీరు పిలిచినప్పుడు వాళ్లు రాలేనన్నా అదే మొహంతో తీసుకోండి.